ఆకలి తక్కెడలో నూకరత్నం

"ఉడుకు ఉడుకు ఓ పప్పా, ఊరి పప్పా,
ఉప్పు చాలునో లేదో చెప్పు పప్పా,
నోట పెట్టకే పిల్లా, నోట పెట్టకే…"

ఆ తర్వాత ఏమిటో నూకరత్నానికి గుర్తు రాలేదు. ఎనిమిదేళ్లప్పుడు మేనత్త పొయ్యి దగ్గర పాడిన పాట. మూడు ముక్కలు నిలిచాయి, నాలుగోది ఈ యాభై ఏళ్లలో ఎక్కడో జారిపోయింది. నెత్తిన వైర్ల టోపీ, పొట్ట చుట్టూ చల్లటి బెల్టు, ముక్కు ముందు గాజు గొట్టం. కదలొద్దన్న కుర్చీలో కదలకుండా కూర్చుని ఆవిడ ఆ నాలుగో ముక్క కోసం వెతుక్కుంటోంది. పాట మీద ధ్యాస ఉంటే మనసు కుదురుగా ఉంటుందని, మనసు కుదురుగా ఉంటే మిషను ఈసారైనా ఒప్పుకుంటుందని ఆశ.

"ఊపిరి మామూలుగా పీల్చండి" అంది ఒక ఆడగొంతు గోడలోంచి. అది మనిషిది కాదు, మిషనుదే.

గొట్టంలోంచి కందిపప్పు వాసన వచ్చింది. అది పోయాక పులిహోర. తర్వాత నేతి బొబ్బట్టు, చేపల పులుసు. ఎదురుగా తెర మీద రెండు గీతలు నడుస్తున్నాయి. ఆకుపచ్చ గీత నేలబారుగా పాకుతోంది. ఎర్ర గీత మాత్రం పులిహోర దగ్గర గుర్రంలా లేచి, పులుసు దగ్గర తెర అంచు దాకా పోయింది.

"అయ్యో, దిగవే తల్లీ, దిగు" అని నూకరత్నం లోలోపల బతిమాలుకుంది.

గీతలు ఆగిపోయాయి. తెర మీద పెద్ద ఎర్ర అక్షరాలు వచ్చాయి. నూకరత్నం అక్షరాలు నేర్చుకుంది యాభై ఒకటో ఏట, మనవరాలి పలక మీద. బస్సు మీద ఊరి పేరు చదవాలన్నా పెదాలు కదిపి కూడబలుక్కోవాలి. మొదటిసారి ఈ తెర ముందు కూర్చున్నప్పుడు ఆ మాట చదవడానికి చాలాసేపు పట్టింది. ఇది మూడోసారి. మూడుసార్లు చూశాక ఎంత కష్టమైన మాటైనా వచ్చేస్తుంది.

అనర్హురాలు.

ఈ మిషను సంగతి తెలియనివాళ్లకి రెండు మాటలు చెప్పాలి. బాగా బరువు పెరిగి, దానివల్ల ఒంట్లో ఒక్కొక్కటే పాడవుతున్నవాళ్లకి పొట్ట చిన్నది చేసే ఆపరేషను ఉంది కదా. వెనకటి రోజుల్లో అది ఎవరికి చెయ్యాలో డాక్టర్లే తేల్చేవారు. బరువు, ఎత్తు, సుగరు, నిద్రలో ఊపిరి, అన్నీ చూసేవారు. ఆఖర్న మనసు డాక్టరు ఓ గంట మాట్లాడి, ఈ మనిషి రేపు అరకప్పు అన్నంతో సరిపెట్టుకోగలడా లేడా అని అంచనా వేసేవాడు. అంచనా అంచనాయే. సిఫారసు ఉన్నవాడికి అది ఒకలా ఉండేది, లేనివాడికి ఇంకోలా ఉండేది. పైగా కొందరికి పొట్ట చిన్నదైనా మనసు చిన్నది కాలేదు. రెండేళ్లలో మళ్లీ మొదటికొచ్చారు. అందుకని ప్రభుత్వం ఒక బోర్డు పెట్టింది, బోర్డు ఒక మిషను పెట్టింది. దాని ముద్ర లేకుండా రాష్ట్రంలో ఏ సర్జనూ కత్తి పట్టకూడదు.

దాని అసలు పేరు శాటియోమీటర్. జనం ఆకలి తక్కెడ అంటారు, ఆ పేరే బాగుంది. కడుపుకీ తలకీ మధ్య వేగస్ అనే నరం ఉంటుంది. కడుపు ఖాళీ అయితే కబురు ఆ నరం మీదుగా పోతుంది. బెల్టు ఆ కబురు వింటుంది. అది ఒక పళ్లెం, తెర మీద ఆకుపచ్చ గీత. వాసన తగలగానే మెదడులో ఎంత అలజడి రేగిందో టోపీ చూస్తుంది. అది రెండో పళ్లెం, ఎర్ర గీత. కడుపు పిలవకుండానే మనసు ఎగబడితే అది మనసు ఆకలి. మనసు ఆకలిని కత్తితో కొయ్యలేరు. అందుకని రెండు పళ్లాలకీ తేడా ఇరవై దాటితే ఆపరేషను లేదు. ఎంత న్యాయంగా ఉందో చూడండి. మంత్రిగారి బావమరిదినైనా, రిక్షా తొక్కేవాడినైనా మిషను ఒక్కలాగే చూస్తుంది.

నూకరత్నానికి కడుపు పదకొండు, మనసు తొంభై మూడు.

"మళ్లీ తన్నేసిందా?" అంటూ తోడికోడలు భూలక్ష్మి లోపలికి వచ్చింది. నలభై రెండు కేజీల మనిషి, మాట మాత్రం క్వింటాలు. "నేను ముందే చెప్పాను కదక్కా. పొద్దున్న కడుపునిండా తిని రమ్మన్నానా? నువ్వేమో దీక్షలో ఉన్నట్టు మజ్జిగ తాగి వచ్చావు."

"తినొచ్చినా అదే చెప్పింది కదే కిందటిసారి."

"అయితే దానికి నువ్వంటే పడదు. అంతే. లే, చెయ్యందుకో."

నూకరత్నం లేవడం అంటే చిన్న పని కాదు. నూట పద్దెనిమిది కేజీలు. మోకాళ్లలో గుజ్జు అరిగిపోయి ఎముకకి ఎముక రాసుకుంటోంది. మోకాలి డాక్టరు ముప్పై కేజీలు తగ్గితే తప్ప ముట్టుకోనన్నాడు. సన్నబడే సూది ఆవిడకి పడలేదు, క్లోమం వాచి పది రోజులు ఆసుపత్రిలో పడుకుంది. మిగిలింది ఈ ఆపరేషనే. దానికి ఈ కుర్చీయే గుమ్మం.

ఆవిణ్ని పక్క బెంచీ మీద కూర్చోబెట్టి, భూలక్ష్మి ఆయాసం తీర్చుకోవడానికి ఖాళీ కుర్చీలో కూలబడింది. సరదాకి టోపీ నెత్తిన పెట్టుకుంది, బెల్టు పొట్టకి చుట్టుకుంది. మిషనుకి మనిషి ఎవరైతేనేం? "ఊపిరి మామూలుగా పీల్చండి" అంది. నాలుగు వాసనలూ వదిలింది. భూలక్ష్మి పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, గీతలు రెండూ కవలల్లా కలిసి లేచాయి.

అర్హురాలు. ఆపరేషను తేదీ ఎంచుకోండి.

"ఓరి నీ అమ్మ కడుపు మాడ! నన్ను కొయ్యడానికి ఏముందిరా ఇందులో!" అంటూ భూలక్ష్మి టోపీ పీకి అవతల పారేసింది.

నవ్వు రావలసిన చోట నూకరత్నానికి ఏడుపు వచ్చింది.

అప్పుడే డాక్టర్ పర్వీన్ లోపలికి వచ్చింది. ముప్పై ఆరేళ్ల మనిషి, ఈ మిషనుని తయారుచేసిన ముగ్గురిలో ఒకరు. కింద పడ్డ టోపీ చూసింది, తెర చూసింది, బెంచీ మీద కొంగుతో కళ్లు ఒత్తుకుంటున్న పెద్దావిణ్ని చూసింది.

"నూకరత్నం గారూ, మిషను మీద కోపం వద్దండీ. మీ మంచికే చెబుతోంది. తిండి వాసన తగిలితే మీ మనసు అంత ఎగబడుతున్నప్పుడు, పొట్ట చిన్నది చేసినా మీరు ఆగలేరు. రెండేళ్లలో…"

"నేనెక్కడ ఎగబడ్డానండీ?" నూకరత్నం గొంతు పెరిగింది. ఆవిడ గట్టిగా మాట్లాడడం భూలక్ష్మి ఎప్పుడోగాని విని ఉండదు. "మూడుసార్లు చెప్పారు నేను తిండిపోతునని. మా ఊళ్లోనూ అదే అంటారు. వంటమనిషి కదా, రుచి చూసి చూసి ఇలా ఊరిందంటారు. డాక్టరమ్మా, ముప్పై రెండేళ్లుగా వండుతున్నాను. పొయ్యి మీదున్నది ఇప్పటిదాకా నాలిక మీద పెట్టలేదు. అమ్మవారికి పెట్టాల్సింది ముందే ఎంగిలి చేస్తామా? నోటికి గుడ్డ కట్టుకుని వండుతాం. అమ్మవారు తిని, ఊరు తిని, గిన్నెలు కడిగాక, పొద్దు వాలాక తింటాం. ఆ ఒక్కపూట తిండికే ఒళ్లు ఇలా అయిందో, మందులకే అయిందో నాకు తెలీదు."

"నాలిక మీద పెట్టకపోతే ఉప్పు ఎలా తెలుస్తుంది?"

"ఆవిరి చెబుతుంది."

డాక్టర్ పర్వీన్ చిన్నగా నవ్వింది. "ఉప్పుకి వాసన ఉండదమ్మా. అది సైన్సు."

"ఉప్పుకి ఉండదండి. ఉప్పు పడ్డ పప్పుకి ఉంటుంది. మీ గొట్టంలో వచ్చిన పప్పుందే, అందులో ఉప్పు లేదు. పులిహోరలో ఇంగువ ముందు పడి మాడింది, ఆవాలు తర్వాత వేశారు. బొబ్బట్టులో నెయ్యి పాతది. చేపల పులుసులో చింతపండు ఉడక్కుండానే దింపేశారు. ఇన్ని తప్పులు ముక్కు కింద పెట్టి, మనసు కదలకూడదంటే ఎలాగండీ?" ఆవిడ ఒక్క క్షణం ఆగింది. "వాటిని చూస్తే నాకు తినాలనిపించలేదు డాక్టరమ్మా. దిద్దాలనిపించింది."

డాక్టర్ పర్వీన్ బల్ల దగ్గరికి వెళ్లి, వాసన సీసాల కాగితం తీసి చదివింది. ఆ వాసనలు ఏదో కంపెనీ లాబులో తయారుచేసి పంపినవి. పప్పు సీసాకి ఎదురుగా సోడియం సున్నా అని రాసి ఉంది. ఆవిడ కాగితం మడిచి బల్ల మీద పెట్టేసింది.

"మా అమ్మీ రంజాన్ నెలలో రోజా ఉండి వండేది" అంది, ఎవరితోనో చెబుతున్నట్టు. "ఇంటిల్లిపాదికీ ఇఫ్తార్ తనే చేసేది. నాలిక మీద పెట్టేది కాదు. మూత తీసి, కళ్లు మూసుకుని, 'ఇంకో చిటికెడు' అనేది. తను ఉన్నన్నాళ్లూ ఎలా తెలుస్తుందో నేనెప్పుడూ అడగలేదు." తల తిప్పి నూకరత్నాన్ని చూసింది. "మీరు వండుతుంటే నేను చూడొచ్చా అమ్మా?"

సముద్రం రెండు వీధులు మింగాక కాకినాడ మెల్లగా మెరకవైపు జరిగింది. అమ్మవారు కూడా ఊరితోపాటే జరిగింది. కొత్త గుడి, పాత తీర్థం. ఆషాఢంలో ఆ జాతరకి తొమ్మిది పెద్ద ఇత్తడి గుండిగల నైవేద్యం. ఆ పొయ్యి నూకరత్నానిది, అంతకుముందు ఆవిడ మేనత్తది. నిరుడు నాలుగో గుండిగ దగ్గర మోకాళ్లు జారి కూలబడితే, లేపడానికి నలుగురు కావలసి వచ్చారు. అప్పుడే కమిటీవాళ్లు మర్యాదగానే చెప్పారు. వచ్చే ఒక్క ఏడూ కూర్చుని చెయ్యండి, ఆ పైఏటికి లేచి నిలబడలేకపోతే పొయ్యి వంట మేస్త్రీ సూరయ్యకి ఇచ్చేస్తాం అని. అమ్మవారి పొయ్యి దగ్గర కూర్చుని వండడం ఆనవాయితీ కాదు. సూరయ్య మంచి పనివాడే. కాని ప్రతి గుండిగలోంచీ గరిటెడు అరచేతిలో పోసుకుని, చప్పరించి, "భేష్" అంటాడు. అమ్మవారికి ఎంగిలి కూడు పెడతాడన్నమాట. ఆ తలపు వస్తే నూకరత్నానికి అన్నం దిగదు. మోకాలి నొప్పికన్నా అదే ఎక్కువ నొప్పి.

డాక్టర్ పర్వీన్ డ్రైవరు లేని ఆటోలో తీర్థానికి వచ్చింది. సంచీలోంచి చిన్న టోపీ తీసి నూకరత్నానికి పెట్టింది, బెల్టు కట్టింది. ఎత్తు పీట మీద కూర్చుని, నోటికి గుడ్డ కట్టుకుని, నూకరత్నం తొమ్మిది గుండిగలకీ ఉప్పు చెప్పింది. "రెండోదానికి ఇంకో దోసెడు. అయిదోది ఆగు, ఇంకా కలవలేదు. ఏడోది దించెయ్." భూలక్ష్మి తెడ్డు పట్టుకుని పరుగులు తీస్తోంది.

"ఆకుపచ్చ గీత కదల్లేదు" అని గొణిగింది పర్వీన్ చేతిలో పలక లాంటి తెర చూసుకుంటూ. "ఎర్రగీత మాత్రం… ఇది ఆకలి కాదు. లెక్క కట్టేటప్పుడు మెదడు ఇలా ఉంటుంది. వీణ శ్రుతి చేసేటప్పుడు ఇలా ఉంటుంది. మేము దీన్ని ఆకలి అనుకున్నామే!"

"ఎవరి మీదా వెయ్యకండి, మీరే అనుకున్నారు" అంది భూలక్ష్మి.

"అవునండీ. నేనే అనుకున్నాను."

అలా ఒప్పుకున్న డాక్టరుని నూకరత్నం అంతకుముందు చూడలేదు. ఆ రోజు అమ్మవారి ప్రసాదం విస్తట్లో వేసి, మొదటి ముద్ద ఆవిడ చేతే తినిపించింది.

ఆ తర్వాత ఏమైందంటే, మిషనుకి బుద్ధి చెప్పాలని పర్వీన్ నడుం కట్టింది. తిండిని చూసి తినాలనుకునే మనసు వేరు, తిండిని చూసి దిద్దాలనుకునే మనసు వేరని మిషనుకి తెలియాలి. చెబితే దానికి తెలియదు, చూపించాలి. దిద్దే మనసు ఒకటి, ఏ మచ్చా లేనిది, ఆకలి కలవనిది, నమూనాగా దాని ముందు పెట్టాలి. మిషను ఆ నమూనాని దాచుకుని, కొత్తగా కుర్చీలో కూర్చున్నవాళ్ల అలజడిలోంచి దానిలాంటిదంతా తీసేసి, మిగిలినదాన్నే ఆకలిగా తూస్తుంది. కొట్టులో తూకం రాయి ఉంటుందే, అలాంటిదన్నమాట.

రాష్ట్రమంతా గాలించారు. వంటవాళ్లు దొరికారు, రుచి చూడని వంటవాళ్లు దొరకలేదు. కుర్రవాళ్లయితే ఉప్పు చెప్పే ప్లాస్టిక్ పుల్ల గిన్నెలో ముంచి చూస్తున్నారు. చివరికి తూకం రాయి నూకరత్నమే అయింది.

అయిదు రోజులు, రోజుకి ఎనభై వాసనలు. నూకరత్నం విసుక్కోకుండా కూర్చుంది. నడుము పట్టేసింది, కాళ్లు వాచాయి. తనలాంటివాళ్లు ఎంతమంది ఆ ఎర్ర అక్షరాల ముందు తలొంచుకుని ఇంటికి పోయారో తలుచుకుని కూర్చుంది. ఆఖరి రోజున కాగితం మీద సంతకం పెట్టమంటే, వేలిముద్ర పెట్టెను పక్కకి నెట్టి, నూ, క, ర, త్నం అని నాలుగు అక్షరాలూ రాసింది. 'త్న' దగ్గర కొంచెం వంకర పోయింది.

"రెండు నెలల్లో కొత్త మిషను వచ్చేస్తుందమ్మా. ముందు మీకే" అంది పర్వీన్.

రెండు నెలలకి సరిగ్గా వచ్చింది. కాని ముందు ఆవిడకి కాదు. బోర్డు వరస ప్రకారం పాత అర్జీలు ముందు. బడిపిల్లలకి వండే ఆడవాళ్లు, హాస్టలు వంటవాళ్లు, మిఠాయి కొట్టువాళ్లు, పదిమంది ఇంట్లో ఎవరికి ఏం కావాలో తలుచుకుంటూ బతికే తల్లులు. ఇన్నాళ్లూ తిండిపోతులనిపించుకున్నవాళ్లందరికీ తెర మీద పచ్చ అక్షరాలు పడ్డాయి. ఆరు వందల నలభై మందికి ఆపరేషను తేదీలిచ్చారు. పేపర్లో వేశారు.

అందులో సూరయ్య మేస్త్రీ కూడా ఉన్నాడు. నూట ఇరవై ఆరు కేజీల మనిషి, నాలుగు నెలల్లో తొంభైకి దిగాడు. చొక్కా వదులై వేలాడుతుంటే, పళ్ల బుట్ట పట్టుకుని వచ్చి నూకరత్నం కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు.

"నీ ముక్కు పుణ్యం వదినా. మిషను నాలో నీ బుద్ధిని తీసేశాక మిగిలింది పదిహేనేనట. లేకపోతే ఈ జన్మకి ఇంతే అనుకున్నాను. ఇప్పుడు చూడు, కుర్రాడిలా నిలబడుతున్నాను. పైతీర్థానికి తొమ్మిది గుండిగలూ…" అని నాలిక కరుచుకున్నాడు.

"నిలబడు నాయనా. నాలిక మాత్రం లోపలుంచుకో" అంది నూకరత్నం.

"అలవాటు వదినా! చేతిలో వేసుకోకపోతే తెలిసి చావదు కదా."

చివరికి ఆవిడ వంతు వచ్చింది. నూకరత్నం జరీ అంచు చీర కట్టుకుని వెళ్లింది. అదే కుర్చీ, అదే టోపీ. వాసనలు మాత్రం కొత్తవి, ఆవిడ చెప్పినట్టు దిద్దినవి. పప్పులో ఉప్పుంది. పులుసులో చింతపండు ఉడికింది. నూకరత్నం ముఖం తెరిపినపడింది. తెర మీద గీతలు బయల్దేరాయి.

బయల్దేరలేదు. ఎర్రదీ లేవలేదు, పచ్చదీ లేవలేదు. రెండూ తెర అడుగున ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. కాసేపాగి గోడలోంచి గొంతు వచ్చింది.

"కుర్చీ ఖాళీగా ఉంది. దయచేసి అభ్యర్థిని కూర్చోబెట్టండి."

భూలక్ష్మి ముందుకు దూకింది. "ఖాళీయా! నూట పద్దెనిమిది కేజీల మనిషి కనపడలేదా నీకు? కుర్చీ కుయ్యో మొర్రో అంటోంది, అదైనా వినపడ్డం లేదా?"

మళ్లీ పెట్టారు. టోపీ మార్చారు. పక్కగదిలో మిషను మీద కూర్చోబెట్టారు. ప్రతిసారీ అదే మాట. డాక్టర్ పర్వీన్ వేళ్లు తెర మీద ఆడుతూ ఆడుతూ ఆగిపోయాయి.

"అమ్మా" అంది పర్వీన్. "మీలాంటిది కనిపిస్తే తీసెయ్యమని దానికి చెప్పాం. మీరు కూర్చుంటే… అంతా మీలాంటిదే కదా. అంతా తీసేస్తోంది. ఏమీ మిగలడం లేదు. అయిదు రోజులు మీ దగ్గరే కూర్చుని, ఈ ఒక్క ముక్క నాకు తట్టలేదు."

"తూకం రాయిని పళ్లెంలో పెట్టి అదే రాయితో తూస్తే ముల్లు కదులుతుందాండీ?" అంది నూకరత్నం మెల్లగా. ఆవిడకి తట్టింది. కాని ఇప్పుడు తట్టి ఏం లాభం?

"మీ కళ్లెదుట ఉంది కదా మనిషి! మీరే రాసెయ్యండి, సరిపోతుందని" అంది భూలక్ష్మి.

పర్వీన్ రాసింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు రాసింది. బోర్డు నాలుగుసార్లూ ఒకే జవాబిచ్చింది. మనిషి అంచనా పనికిరాదనే మిషను పెట్టుకున్నాం, మిషను ముద్ర ఉంటేనే ఆపరేషను. పాత మిషను మీద చూడొచ్చా అంటే, పాతది తప్పని మీరే కదా రుజువు చేశారన్నారు. పోనీ నూకరత్నం నమూనా తీసేస్తామంటే, ఇంకా ఆపరేషను కావలసిన నాలుగు వందల మంది ముద్రలు చెల్లవన్నారు. ఒకటే దారి. ఆవిడ బదులు ఇంకో తూకం రాయి కావాలి. రుచి చూడకుండా ఉప్పు చెప్పే ఇంకో మనిషి.

ఆ ఉత్తరాన్ని నూకరత్నం తనే చదువుతానని పట్టుబట్టి, పెదాలు కదుపుతూ, వేలు పెట్టుకుంటూ చదివింది. చదవడం అయ్యేసరికి, ఎక్కడినుంచి వచ్చిందో, పాటలో పోయిన ముక్క నాలిక మీదికి వచ్చి కూర్చుంది. పొయ్యి వెలుగులో మేనత్త ముఖం కూడా కనిపించింది. ఆవిడ నవ్వుతూ పాడేది ఆ ముక్కని.

"ముందు అమ్మవారికే, వెనక ఊరికే,
అడుగు మాడు నీకే పిల్లా, అడుగు మాడు నీకే."

నూకరత్నం ఉత్తరం మడిచి బొడ్డులో దోపుకుంది. "ఇన్నాళ్లూ గుర్తు రాకపోవడమే బాగుంది" అంది భూలక్ష్మితో.

మర్నాడు ఆదివారం. తలుపు తట్టిన చప్పుడైతే భూలక్ష్మి తీసింది. డాక్టర్ పర్వీన్ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో తెల్లగుడ్డ పట్టుకుని.

"నాకు నేర్పండమ్మా" అంది. "ఆ తూకం రాయి నేనవుతాను. అమ్మీ చేసిన పనే కదా, నా రక్తంలో ఎక్కడో ఉండకపోదు. ఎన్నాళ్లు పడుతుంది?"

"నాకు పన్నెండేళ్లు పట్టిందండి."

"నేను పీహెచ్‌డీ మూడేళ్లలో చేశాను."

భూలక్ష్మి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పటినుంచీ ప్రతి ఆదివారం పర్వీన్ వస్తోంది. శ్రద్ధగల మనిషి, కాదనడానికి లేదు. నోట్సు రాసుకుంటుంది. పప్పు ఎన్ని డిగ్రీల దగ్గర పొంగుతుందో, ఆవిరిలో ఏ ఏ అణువులు ఉంటాయో ఆవిడకి తెలుసు. మొదటి ఆదివారం మాడువాసనని వేపుడు వాసన అంది. నాలుగో ఆదివారం మెంతులకీ ఇంగువకీ తేడా పట్టుకుంది, ఆ రోజు ముగ్గురూ పండగ చేసుకున్నారు. ఉప్పు దగ్గర మాత్రం బండి కదలడం లేదు. ప్రతిసారీ కళ్లు మూసుకుంటుంది, లోతుగా పీలుస్తుంది, ఏదో ఒకటి చెబుతుంది. ప్రతిసారీ నూకరత్నం "ఫరవాలేదు, వచ్చేవారం చూద్దాం" అంటుంది. అని, మోకాలు నొక్కుకుంటుంది.

ఇది తొమ్మిదో ఆదివారం. తీర్థానికి ఇంకా నలభై రోజులే ఉన్నాయి. వీధిలో సూరయ్య మేస్త్రీ కొత్త తెడ్డు భుజాన వేసుకుని, చెప్పులు టపటపలాడించుకుంటూ హుషారుగా నడిచిపోయాడు. కిటికీలోంచి పలకరిస్తే నూకరత్నం చెయ్యి ఊపింది.

పొయ్యి మీద ఇంకా ఉప్పు పడని పప్పు కుతకుతలాడుతోంది. నూకరత్నం ఎత్తు పీట మీద కూర్చుని, ఉప్పు డబ్బాలోంచి గుప్పెడు తీసి, వెయ్యబోతూ ఆగింది. పర్వీన్ అప్పటికే నోటికి తెల్లగుడ్డ కట్టుకుని గిన్నె మీదికి వంగింది. పొయ్యి పక్కన భూలక్ష్మి గరిట తిప్పడం ఆపింది. నూకరత్నం ఉప్పున్న పిడికిలి అలాగే ఒళ్లో పెట్టుకుని, కొంగు కప్పేసింది.

పర్వీన్ కళ్లు మూసుకుంది. ఆవిరి ముఖాన్ని తడిపింది. ఒకసారి పీల్చింది, ఆగింది, ఇంకోసారి పీల్చింది. ఆవిడ నుదుటి మీద ముడత మెల్లగా విడిపోయింది. ఇన్ని వారాల్లో అంత నమ్మకంతో ఆ ముఖం వెలగడం నూకరత్నం చూడలేదు. పిడికిట్లో ఉప్పు చెమటకి తడిసి వేళ్లకి అంటుకుంటోంది.

పర్వీన్ కళ్లు తెరిచి, గుడ్డ కిందికి లాగి, బడిలో మొదటి మార్కు తెచ్చుకున్న పిల్లలా నవ్వుతూ అంది:

"ఉప్పు సరిగ్గా సరిపోయిందమ్మా."